చూడని పాదము

వైశాఖమాసపు మధ్యాహ్నమార్తాండుఁడు నిప్పులు చెఱుగుచుండ సముద్రతీరమునందలి యుప్పుమళ్లు కరఁగిన వెండివలెఁ దళతళలాడుచుఁ గన్నులకు మిఱుమిట్లు గొలుపుచుండెను. పక్షి యెగురదు. ఆకు కదలదు. కాయకష్టమే యాధారముగాఁ గల కూలిజనము మాత్రము పిక్కలవఱకు నుప్పునీట నిలిచి తెల్లని స్ఫటికరాశులను గట్లమీఁదికి లాగుచుండిరి.

ఆ మళ్ల చేరువనున్న యారోగ్యకేంద్రమున ముప్పదియేండ్లుగాఁ గొలువు చేయుచున్న నర్సు దమయంతి పట్టణమున జరిగిన మూఁడుదినముల మధుమేహచికిత్సాశిక్షణమును ముగించుకొని యా యుదయముననే తిరిగివచ్చియుండెను. "రక్తమునఁ జక్కెర కొలిచినంత మాత్రమునఁ బని తీఱదు. రోగి వచ్చిన ప్రతిపర్యాయమును వ్రేళ్లసందులు సైతము విడఁదీసి పాదములు చూడవలయును. స్పర్శ చచ్చిన కాలు తన గాయమును యజమానునకుఁ జెప్పదు" అని యచ్చటి వైద్యుఁడు మఱిమఱి చెప్పిన మాటలు చెవులలో నింకను మాఱుమ్రోఁగుచుండెను.

నాఁటి తొలిరోగి దాలయ్య. ఉప్పుమళ్లలోఁ బనిచేయు నలువదియేండ్లవాఁడు. చాలకాలమునుండి మధుమేహపీడితుఁడు. నలుగురు బిడ్డలకు వాని రెండుకాళ్లే దిక్కు. దమయంతి నేలపైఁ గూరుచుండి వాని పాదమునకుఁ జేయి చాఁపఁగానే వాఁడు నిప్పు త్రొక్కినట్లు కాలు వెనుకకు లాగికొనెను.

"ఒద్దమ్మా. తల్లిలాంటిదానివి. నువ్వు నా కాళ్లట్టుకుంతే నాకు ఆయుస్సు తరిగిపోద్ది. బాగానే ఉన్నాయి, నొప్పేటీ నేదు."

పెద్దలు పిన్నల పాదములు ముట్టినచోఁ బిన్నల కాయుఃక్షీణమని యామెయు బాల్యమునుండి వినినదియే. ఏఁబదియేడేండ్ల ప్రాయమున నట్టి నమ్మకమును ద్రోసిపుచ్చుటకుఁ బ్రాణ మొప్పలేదు. వెలుపల నింకను ముప్పదిమంది వేచియుండిరి. ఆమె లేచి మాత్రలిచ్చి క్రొత్తపుస్తకమున వాని పేరున కెదురుగా "పాదములు నిర్దోషములు" అని ముత్యములవంటి యక్షరములతో వ్రాసెను. మూఁడుదినములు నేర్చిన విద్యలో నామె చేతికి వ్రాయుట మాత్రమే సులభమైనది.

నిజమునకు నప్పటికే దాలయ్య యొక కాలి చిటికెనవ్రేలి క్రింద నుప్పురవ్వ కోసిన గాయమొకటి చీము పట్టియుండెను. నొప్పి లేనిచోట రోగమెట్లుండునని వాఁడు మఱి పదునెనిమిది దినము లుప్పునీటనే నిలిచెను. దుర్గంధము పసిగట్టిన భార్య యాటోలో వేసికొని వచ్చునప్పటికిఁ గాలు మోకాలివఱకు నల్లఁబడియుండెను. పెద్దాసుపత్రివారు దానిని దీసివేసిరి. ఆ వార్త విని దమయంతి పుస్తకము తెఱచి తన వ్రాఁత చూచుకొని కుమిలి కుమిలి యేడ్చెను. ఎవ్వరు నామెను దప్పుపట్టలేదు. అదియే యామెకు మఱింత నరకమయ్యెను.

శ్రావణమున ముసురు పట్టిన యొక యుదయమున దాలయ్య యూఁతకఱ్ఱలతో మరల వచ్చెను. ఆమె నేలఁ గూరుచుండి మిగిలిన పాదమునకుఁ జేయి చాఁపెను.

"పెద్దదానివమ్మా" అని వాఁడు మరల ముడుచుకొనెను.

"ఆ మాట వినియే నీ కాలు పోఁగొట్టితిని నాయనా. పాపమేదైన నున్న నాకుఁ దగులనిమ్ము" అని యామె పట్టు విడువలేదు.

పాదమున స్పర్శ కలదో లేదో పరీక్షించుటకై శిక్షణమున నొసఁగిన సన్ననినైలానుదార మింతవఱకు సంచిలోనే పడియుండెను. దానిని వెలికిఁ దీసి, కన్నులు మూసికొమ్మనియుఁ దగిలినప్పుడెల్లఁ జెప్పుమనియు వానికి బోధించి, బొటనవ్రేలిమీఁద నొత్తెను. వాఁడు పలుకలేదు. చిటికెనవ్రేలి మొదట నొత్తెను. పలుకలేదు. అరికాలి నడుమ దారము విల్లువలె వంగువఱకు నొత్తి వాని మొగము చూచెను.

దాలయ్య కన్నులు తెఱవకయే యోపికగా నడిగెను.

"ఎప్పుడు ముట్టుకుంతావమ్మా?"