ఆరో రీలు

మల్లయ్య ప్రొజెక్టరులో వెలిగి అరిగిపోయిన కార్బన్ ముక్కను పటకారుతో పీకి రేకు డబ్బాలో పడేశాడు. కొత్త కడ్డీ బిగించాడు. రెండు కొసలూ ఎదురెదురుగా నిలిచాయో లేదో చూద్దామని కుడికన్ను మూసి, ఎడమకంటికి ఏమీ ఆనదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి మళ్ళీ తెరిచాడు. ఆ కంట్లో పొర కమ్మి చాలా కాలమైంది. అయినా రోజూ ఇదే పొరపాటు చేస్తాడు, రోజూ తనను తానే తిట్టుకుంటాడు.

పొట్టి మనిషి. నెరిసిన జుట్టు నుదుటికి అంటుకుని ఉంది. ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. క్యాబిన్ వేడికి చొక్కా విప్పి మేకుకు తగిలించి, బనియన్ మీద తువ్వాలు వేసుకున్నాడు. రెండు రోజులుగా ఎడమ భుజం లాగుతోంది. రీళ్ళు మోసిన భుజం లాగక ఏం చేస్తుందిలే అనుకుని నొప్పుల మందు రుద్దుకుని ఊరుకున్నాడు.

బళేపేటలో గాజుల కొట్ల వెనక సందులో ఉన్న ఆ థియేటర్లో పొద్దుటాట ఎప్పుడూ పాత ఇంగ్లీషు సినిమాయే. వచ్చేవాళ్ళలో ఇంగ్లీషు వచ్చినవాడు ఒక్కడూ ఉండడు. మార్కెట్లో మూటలు దింపి వచ్చిన హమాలీలు, ఊరి బస్సుకు ఇంకా టైమున్నవాళ్ళు, ఫ్యాను కింద నిద్ర కోసం టికెట్ కొనేవాళ్ళు. తుపాకీ పేలితే చాలు, మాటలతో వాళ్ళకేం పని?

ఈ వారం సినిమా అమెరికాలో తెల్లవాళ్ళు గుడ్డ కప్పిన బండ్లు కట్టుకుని పడమటికి పోయిన నాటి కథ. ఎవరిదో నేల మీదికి పోయి, ఇది మాదని హద్దులు పాతుకున్న చరిత్ర. అందులో ఆరో రీలంతా ఒక స్టీమరే. రెండంతస్తుల స్టీమరు పొగ వదులుతూ పెద్ద నది మీద పోతుంటుంది. ముందు కొసన ఒకడు నిలబడి పొడుగాటి గడతో లోతు చూస్తుంటాడు. రీలు చివర, సుడి దగ్గర స్టీమరు ఒక్క కుదుపు కుదుపుతుంది. ఆ మనిషి నీళ్ళలో పడిపోతాడు. స్టీమరు ఆగదు. గడ ఒక్కటే తేలుతూ పోతుంది.

మేనేజరు బసవరాజు శుక్రవారం నాడే చెప్పేశాడు. "మ్యాట్నీకి టైము సాలదప్పా. ఆరోది తీసెయ్యి. ఫైట్ ఇల్ల, సాంగ్ ఇల్ల. బరీ నీళ్ళు."

ఉత్త నీళ్ళట. ఏ పాత సినిమా వచ్చినా టైముకు సరిపెట్టడానికి ఒక రీలు ఎగ్గొట్టడం ఆ థియేటర్ ఆనవాయితీ. అయిదోది అయిపోగానే ఏడోది వెలుగుతుంది, చూసేవాళ్ళకు పట్టదు. శుక్రవారం నుంచి బుధవారం దాకా మల్లయ్య అలాగే చేశాడు. ఈ రోజు గురువారం. మధ్యాహ్నం రీళ్ళు చేరవేసే నాగేంద్ర వచ్చి పెట్టె కోలారుకు పట్టుకుపోతాడు. ఆ సినిమా మళ్ళీ ఈ ఊరికి ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో. వచ్చేదాకా తనుంటాడో లేదో.

ఈ రోజు ఆరో రీలు వేసి తీరతానని మల్లయ్య నిశ్చయించుకున్నాడు. భార్య చెన్నమ్మ చూడాలి.

మల్లయ్య పుట్టింది కూనవరం రేవులో. తండ్రి రాజమండ్రి స్టీమరులో గడ వేసే మనిషి. అప్పట్లో ఒక గట్టు తెల్లదొరలది, ఎదురు గట్టు నైజాముది. మధ్యలో పోయే స్టీమరులో కూర్చుంటే ఇటు ఒక రాజ్యం, అటు ఒక రాజ్యం. సెలవుల్లో తండ్రి వెంట ఎక్కి, కింది అంతస్తులో కట్టెల మీద కూర్చునేవాడు. ముందు నుంచి తండ్రి గొంతు వినిపించేది. "రెండు బారలు... రెండు బారలు... బారన్నర..." ఆ లెక్కను బట్టే సరంగు చక్రం తిప్పేవాడు. పైన దొరలు కుర్చీల్లో కాఫీలు తాగేవాళ్ళు. తన తండ్రి గొంతు లేకపోతే వీళ్ళంతా ఇసుకలో కూరుకుపోతారని పిల్లవాడికి చెప్పలేనంత గర్వంగా ఉండేది.

ఇదంతా చెన్నమ్మకు వందసార్లు చెప్పాడు. చెన్నమ్మది మడకశిర పక్క పల్లె. పెద్ద నీళ్ళంటే ఆమెకు తెలిసింది చెరువే, అదీ నిండిన ఏడాదే. టూరింగ్ టాకీసులో పనిచేస్తూ మల్లయ్య ఆ పల్లెకు వచ్చినప్పుడు పెళ్ళయింది. "నీళ్ళ మీద మిద్దె పోతాదంట, మిద్దెలో వంటిల్లంట! ఎవురికి చెప్తావయ్యా!" అని అప్పటి నుంచి ఎగతాళి చేస్తూనే ఉంది.

కాని ఆమెకు చెప్పనిది ఒకటుంది. మీ నాయన ఎట్ల పోయినాడని కొత్తలో అడిగితే, జ్వరమని చెప్పాడు. పాపికొండల్లో ఒక వరద రోజున, సుడి దగ్గర, కట్టెల మీద కూర్చుని తను కళ్ళారా చూసింది చెప్పలేకపోయాడు. ఆపండి, మా నాన్న, అని అరవడానికి నోరు తెరిచాడు. గొంతు రాలేదు. అరిచినా ఆ ప్రవాహంలో స్టీమరు ఆగదని తరవాత అందరూ చెప్పారు. అయినా అరవలేదు గదా అన్నది ఎక్కడికీ పోలేదు. నది లేని ఊళ్ళు వెతుక్కుంటూ పోయి పోయి, చివరికి బెంగళూరులో ఆగాడు.

ఇన్నేళ్ళకు ఈ సినిమా చేతికొచ్చింది. నోటితో చెప్పలేనిదంతా పది నిమిషాల రీల్లో చుట్టి ఉంది. చెన్నమ్మ అది చూస్తే చాలు, ఆ తరవాత ఒక్క మాట చెప్పగలడు. మా నాయన పోయింది అట్లనే అని.

"పిల్లప్పా, మా ఇంటిది వస్తాది. బాల్కనీలో గోడ పక్క కుర్చీలో కూర్చోబెట్టు," అని పొద్దున్నే గేట్‌మేన్‌కు చెప్పాడు.

"అట్లే కానీప్పా. వయసులో పిల్చుకోని రాకుండా ఇప్పుడు పిలుస్తా ఉండాడు సూడు పెండ్లాన్ని!" అని పిల్లప్ప నవ్వాడు.

చెన్నమ్మ బొమ్మనహళ్ళి గార్మెంట్స్‌లో దారాలు కత్తిరించే పని చేస్తుంది. గురువారం పర్మిషన్ అడిగానని, పదకొండుకల్లా వచ్చేస్తానని చెప్పింది. తెర ఒకసారి కన్ను మూసి తెరిచినట్టు ఆరి వెలుగుతుంది, అదే గుర్తు, ఆ తరవాతదే స్టీమరు అని మల్లయ్య ఆమెకు చెప్పి ఉంచాడు.

ఆట మొదలైంది. అయిదో రీలు నడుస్తుండగా గోడలోని కంతలోంచి కిందికి చూశాడు. గోడ పక్క కుర్చీలో తల మీదుగా శాలువా కప్పుకున్న ఆడమనిషి. మల్లయ్య గుండె కుదుటపడింది. ఆరోది రెండో మెషీన్లో ఎక్కించాడు. వెలుగు ముందున్న మూత ఒక్క క్షణం దించి ఎత్తాడు. హాల్లో ఎవడో ఈల వేశాడు. తెర నిండా నది పరుచుకుంది.

రీలు చివర మల్లయ్య తెర వైపు చూడలేదు. శాలువా వైపే చూశాడు. అది కదలలేదు. ఏడుస్తోందేమో అనుకున్నాడు.

ఆట వదిలే ముందు బసవరాజు మెట్లెక్కి వచ్చాడు. "ఏనప్పా మల్లయ్యా, ఆరోది ఎందుకు వేసినావు? మ్యాట్నీ జనం గేటు మీద పడతా ఉండారు!"

"చేయి తప్పింది సార్."

"వయసాయ్తప్పా నీకు," అని గొణుక్కుంటూ దిగిపోయాడు.

కాసేపటికి చెన్నమ్మ వచ్చింది. చేతిలో టిఫిన్ క్యారియర్. జుట్టులో, చీర అంచున రంగురంగుల దారప్పోగులు. మెట్లెక్కిన ఆయాసం తగ్గడం లేదు. బాల్కనీ నుంచి క్యాబిన్‌కు ఎనిమిది మెట్లే, దానికి ఇంత ఆయాసమెందుకో మల్లయ్య ఆలోచించదలచుకోలేదు.

"చూశావా?"

చెన్నమ్మ ఏదో చెప్పబోయి అతని ముఖం చూసింది. ఆ ముఖం అంత వెలుగుతో ఉండగా ఆమె ఎప్పుడో పెళ్ళిలో చూసింది.

"చూస్తినయ్యా. నువ్వు చెప్పింది నిజమే. మిద్దెమాదిరే ఉండాది. పైనంతా దొరలు కూర్చోనుండారు."

"ముందర గడ కర్ర మనిషిని చూశావా?"

"చూడకేం. నీళ్ళు కొలుస్తా ఉండె."

"తర్వాత?"

చెన్నమ్మ క్యారియర్ మూత తీస్తూ ఆగింది. "తర్వాత ఏముంది? రేవు చేరె. అందురూ దిగిపోయిరి."

మల్లయ్య కంత దగ్గరికి పోయి కిందికి చూశాడు. ఖాళీ హాల్లో శాలువా మనిషి ఇంకా గోడకు తల ఆనించి నిద్రపోతోంది. పిల్లప్ప వచ్చి భుజం తట్టి లేపాడు. శాలువా జారింది. ఎవరో ముసలామె.

"ఫ్యాక్టరీలో లాటు పని అయ్యేదంకా గేటు తియ్యలే..." అని వెనక నుంచి చెన్నమ్మ నెమ్మదిగా మొదలుపెట్టింది.

"అవును, రేవు చేరింది," అన్నాడు మల్లయ్య. ఆ మాట నాలుక మీద తీయగా ఉంది. చిన్నప్పుడు అట్లా జరిగి ఉంటే బాగుండేది. "కూచో, తిందాం."

రాగిసంగటి, చింతచిగురు పప్పు. అతను సగమే తిన్నాడు. నువ్వు రేపు పొద్దున్నే నాతో రా, ఆటకు ముందు ఒక పది నిమిషాలు చాలు అన్నాడు. రేపు పర్మిషనంటే కొడతారు అంటూనే, సరే వస్తానంది. ఇంటికి పోయే బస్సుకు ఆమె దిగిపోతుంటే, పైమెట్టు మీద నిలబడి కనబడినంతసేపూ చూశాడు.

నాగేంద్ర వచ్చేసరికి రీళ్ళ పెట్టె తాడు కట్టి సిద్ధంగా ఉంది. మల్లయ్య కట్టిన పెట్టెను ఇన్నేళ్ళలో ఎవరూ విప్పి చూసింది లేదు. నాగేంద్ర దాన్ని భుజానికెత్తుకుని పోయాడు. ఆరో రీలు మొదటికి చుట్టి, డబ్బాలో పెట్టి, పాత తువ్వాలు కప్పి బెంచీ కింద ఉంది. మల్లయ్య బతుకులో చేసిన దొంగతనం అదొక్కటే. సిగ్గనిపించలేదు.

మ్యాట్నీ మొదటి రీలు సరిగానే నడిచింది. అది అయిపోయాక రెండోది వెలగలేదు. తెర తెల్లగా ఉండిపోయింది. జనం ఈలలు వేశారు, కుర్చీలు కొట్టారు, ఆపరేటర్‌ను అమ్మనా బూతులు తిట్టారు. పిల్లప్ప తిట్టుకుంటూ మెట్లెక్కాడు. మల్లయ్య స్టూలు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఎడమ చేయి ఒళ్ళో ఉంది. కుడి చేయి రెండో మెషీన్ పిడి మీద ఉంది. రీలు ఎక్కించే ఉంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

"మల్లయ్యా," అన్నాడు పిల్లప్ప. మళ్ళీ పిలవలేదు.

జనానికి డబ్బులు వాపసిచ్చారు. ఇంటి పక్క అంగడి ఫోనుకు కబురు పోయేసరికి చెన్నమ్మ బస్సు దిగి, కుళాయి దగ్గర బిందె పెట్టి వరసలో నిలబడి ఉంది.

పదకొండో రోజు దాటాక పిల్లప్ప గుడ్డసంచి తెచ్చాడు. చొక్కా, కళ్ళద్దాలు, పటకారు, ఒక గుండ్రటి రేకు డబ్బా. "ఇది బెంచీ కింద తువ్వాల్లో ఉండాదమ్మా. ఆయప్పదే అనుకొంటా."

ఆదివారం చెన్నమ్మ డబ్బా మూత తీసింది. కొస పట్టుకుని, గార్మెంట్స్‌లో గుడ్డ కొలిచినట్టు, రెండు చేతులూ చాపి ఒక బార లాగింది. కిటికీ వెలుగుకు పెట్టి చూసింది. గోరంత బొమ్మలు. ఇంకో బార లాగింది. నీళ్ళు. నీళ్ళ మీద రెండంతస్తుల స్టీమరు, దాని నెత్తిన పొగ. ముందు కొసన ఒక మనిషి, చేతిలో గడ.

"ఇదో, ఉండాడు," అంది పైకే. "నిజమే చెప్పినావయ్యా. నేనే నమ్మకపోతి."

మరో బార చూసింది. ప్రతి బొమ్మలోనూ అతను అలాగే నిలబడి ఉన్నాడు. నిదానంగా నీళ్ళు కొలుస్తున్నాడు. తరవాత రేవు చేరతాడని ఆమెకు తెలుసు. ఇంక లాగకుండా, వచ్చీ రాని చేతులతో మళ్ళీ చుట్టి, మూత నొక్కింది.

ఆ డబ్బా దేవుడి గూటి పక్క బల్ల మీద ఉంది. మూత మీద సుద్దతో రాసిన ఆరు కొంచెం చెరిగింది. లోపల, ఆమె విప్పని రీలు ఇంకా ఎన్నో బారలు బిగుతుగా చుట్టుకునే ఉంది.