గుడి మెట్ల దగ్గర విడిచిన వాయుపాదుకలు

నేను ఒక చేతి పనిముట్టుని. అయితే నాతో చేసిన పని ఏదీ చేతికి మట్టి అంటించదు. నన్ను పట్టుకుని మనుషులు కోటలు గెలిచారు, గుర్రాలు తోలారు, రాక్షసుల తలలు తెగ్గొట్టారు. ఆ తర్వాత లేచి మంచినీళ్లు తాగి, చొక్కా నలిగిందేమోనని చూసుకున్నారు. టీవీకి తగిలించి ఆడే ఆటల పెట్టె ఒకటి ఉంటుంది కదా, దాని కంట్రోలర్ని నేను. నల్లగా, రెండు అరచేతుల్లో ఇమిడేంత ఉంటాను. బొటనవేళ్ల కింద రెండు గుబ్బలు, చుట్టూ బటన్లు. ఆటలో దెబ్బ తగిలితే చేతిలో వణుకుతాను. నా గురించి చెప్పుకోవాల్సిన విద్య అదొక్కటే.

ఎక్కడో దూరదేశపు కార్ఖానాలో పుట్టాను. తెల్ల తొడుగులు వేసుకున్న ఒక అమ్మాయి నా బటన్లన్నీ ఒక్కొక్కసారి నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని విని, తల ఊపి డబ్బాలో పెట్టింది. అంత శ్రద్ధగా నన్ను మళ్లీ ఎవరూ నొక్కలేదు. నా మొదటి యజమాని కాకినాడలో డాక్టరీ చదివే కుర్రాడు. ఆటలో చచ్చిపోయిన ప్రతిసారీ తప్పు నాదేననేవాడు. ఒకసారి గోడకేసి కొట్టాడు. నా కుడి భుజం మీద పగులు అప్పటిదే. "ఇది ఇంట్లో ఉంటే వీడు డాక్టర్ కాడు" అని వాళ్ల నాన్న పెట్టెతో సహా నన్ను గడప దాటించాడు. నేను వచ్చేశాక అతను డాక్టరయ్యాడో లేదో తెలియదు. కాకపోతే మాత్రం ఈసారి ఎవర్ని గోడకేసి కొట్టారో పాపం.

అలా నేను పెద్దాపురం చేరాను. నన్ను తెచ్చుకున్న చక్రధర్ ఒక ఇంజనీరింగ్ కాలేజీ లాబ్‌లో ఉద్యోగి. అన్న వీరభద్రం గారికి హోమియో మందుల దుకాణం. వదిన సువర్చల. చక్రధర్ తల్లి పోయేనాటికి అతనికి తొమ్మిదేళ్లు. ఆ యేడే కాపురానికి వచ్చిన సువర్చల అతనికి తలంటి, జడివానలో గొడుగు పట్టి, ఎక్కాలు అప్పజెప్పించి పెంచింది. పిల్లలు లేని ఆ ఇంట్లో అతనే పిల్లాడు. అతనికి పాతికేళ్లు వచ్చాయన్న సంగతి ఆమెకు పప్పులో నెయ్యి వేసేటప్పుడు గుర్తుండేది కాదు.

చక్రధర్ ఆడే ఆట పేరు 'ఏడు కోటల రాజ్యం'. అందులో విజయుడనే వీరుడు ఉంటాడు. ఇటే వెళ్లాలి, ఇదే చెయ్యాలి అనే నియమం లేదు. అడవులు, నదులు, సంతలు, కొండలు, ఎటు తిప్పితే అటు నడుస్తాడు. నన్నడిగితే, ఒక మనిషి జన్మకు చాలినంత లోకం అది. కానీ ఆడేవాళ్లకు చాల్లేదు. అలాంటప్పుడు కంపెనీవాళ్లు కొత్త ఊళ్లూ కొత్త కథలూ చేర్చి ఇంకో భాగం విడుదల చేస్తారు. దాన్ని ఎక్స్‌పాన్షన్ అంటారు. చక్రధర్ ఏడాదిగా దానికోసమే ఎదురుచూస్తున్నాడు. అది ఏడో కోట అవతల, ఒక పెద్ద లోయ దాటాక మొదలవుతుందట. ఆ లోయ దాటాలంటే వాయుపాదుకలు తొడుక్కోవాలి. అవి ఆట మొత్తంలో ఒక్కటే జత. ఎనిమిది నెలలు కష్టపడి, నా ఎడమ గుబ్బ అరిగిపోయేదాకా తిప్పి, కార్తీకమాసంలో ఒక ఆదివారం సాయంత్రం అతను వాటిని సాధించాడు. ఆనందంతో నన్ను ముద్దు పెట్టుకున్నాడు. అంతకుముందు మిరపకాయ బజ్జీలు తిన్నాడు.

కథ అక్కడినుంచి వదినగారిది. ఆ కార్తీకానికి ముందే సువర్చల పెరట్లో పాచి మీద జారి చీలమండ విరగ్గొట్టుకుంది. కాలికి సిమెంటు కట్టు. ఏటా కార్తీక సోమవారాలు మెట్ట మీది గుడికి ఎక్కి దీపం పెట్టే మనిషి, ఆ యేడు మంచం మీద కూర్చుని గుడి గంట వింటూ కళ్లు తుడుచుకుంది. చక్రధర్ చూడలేకపోయాడు. నన్ను తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు.

"ఈ ఆటలో కొండ మీద గుడి ఉంది వదినా. మూడొందల మెట్లు. ఎంచక్కా ఎక్కెయ్."

"చాల్లే, బొమ్మ గుడికి పుణ్యం వస్తుందేంట్రా?"

"వస్తుందో రాదో ఎక్కి చూడు. కాలు మాత్రం నొప్పెట్టదు."

మొదటిరోజు విజయుణ్ని రెండుసార్లు చెరువులో ముంచింది. మూడోరోజుకు మెట్లెక్కించింది. ఆ తర్వాత ప్రతి మధ్యాహ్నం, అన్నదమ్ములిద్దరూ బయట ఉండగా, ఆమె మడిచీర కట్టుకుని, నన్ను తడిగుడ్డతో తుడిచి, గుడికి బయల్దేరేది. మెట్ల దగ్గర ఆగి విజయుడి చెప్పులు విప్పించి కింద పెట్టించేది. పైకెక్కి దీపం వెలిగించేది. దిగొచ్చేసరికి చెప్పులు ఉండేవి కావు. ఆ ఆటలో కింద పెట్టిన వస్తువు కాసేపటికి మాయమవుతుంది. ఆ సంగతి ఆమెకు తెలియదు. గుళ్లో చెప్పులు పోతే పట్టిన శని వదిలినట్టేనని పెద్దలు చెప్పగా విన్నది కనుక సంతోషించేది కూడా. సంచిలో తోలుచెప్పుల జతలు బోలెడుండేవి. ఇంకో జత తొడిగించేది. చక్రధర్ లెక్క చూసుకోలేదు, నాకేమో చెప్పే నోరు లేదు.

వాయుపాదుకలు వచ్చిన మర్నాడు సోమవారం. విజయుడు వాటితోనే ఉన్నాడు. సువర్చల వాటిని మెట్ల దగ్గర విప్పించింది. "ఇవేవో కొత్తవల్లే ఉన్నాయే, బావున్నాయి" అని కూడా అంది. నేను ఊరికే వణకలేను. విజయుడికి దెబ్బ తగిలితేనే నాకు వణుకు. ఆ పూట దెబ్బ తగిలింది అతనికి కాదు.

అంతటితో పోయినా బాగుండేది. ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్లి మళ్లీ ఆడుకోవడానికి ఆట తన స్థితిని దాచుకుంటుంది. అలాంటి దాపులు మూడు. గుడిలో ఒక దీపం వెలిగిస్తే ఒక దాపు కొత్తదవుతుంది, పాతది చెరిగిపోతుంది. రోజూ ఒక్క దీపమే పెట్టే ఇల్లాలు, కార్తీక సోమవారం కదా అని, ఆ రోజు మూడు పెట్టింది. ఎనిమిది నెలల కష్టం మూడు దీపాలతో ముగిసింది.

సాయంత్రం చక్రధర్ విజయుడి పాదాలు చూశాడు. సంచి వెతికాడు. మూడు దాపులూ తెరిచాడు.

"వదినా, పాదుకలేవి?"

"మెట్ల దగ్గర విడిచాన్రా. ఎవరో పట్టుకుపోయారు."

"విప్పితే విప్పావు, సంచిలో పెట్టుకోవచ్చుగా!"

"చెప్పులు సంచిలోనా? అందులో కొబ్బరికాయ ఉంది!"

చక్రధర్ తిట్టలేదు. "పర్లేదు వదినా" అన్నాడు. తిడితే బాగుండేది. మర్నాటినుంచి ఆమెతో మాట మానేశాడు. "అన్నయ్యా, పెరుగు వెయ్యమని చెప్పు" అనేవాడు. పెరుగు గిన్నె పట్టుకుని చేతికర్ర మీద నిలబడిన మనిషి అతనికి రెండడుగుల దూరంలో ఉండేది. వీరభద్రం గారు మధ్యలో, "వాడు పెరుగు వెయ్యమంటున్నాడే", "అది వేసిందిరా" అని ఇరుపక్షాలకూ వార్తలు చేరవేస్తూ తన అన్నం చల్లార్చుకునేవారు. చక్రధర్ కాలేజీ దగ్గర గది చూసుకుంటున్నాడని కూడా ఆయనే చేరవేశారు. ఆ రోజు సువర్చల అన్నం తినలేదు.

అదే రోజుల్లో కంపెనీవాళ్లు ఒక ప్రకటన చేశారు. కొత్త భాగంలో ఏం కావాలో ఆడేవాళ్లే రాయండి, ఒక్కొక్కరు ఒక్క ఉత్తరం మాత్రమే అని. జనం రాసినవి తెరమీద కనబడేవి. చదువుతుంటే నా బటన్లు నాకే బరువయ్యాయి. రాజ్యం ఇంకా రెట్టింపు చెయ్యండని ఒకడు రాశాడు, వాడు ఉన్న రాజ్యంలో సగం కూడా తిరగలేదు. శత్రువులు మరీ సుకుమారంగా ఉన్నారని ఒకడు, మరీ క్రూరంగా ఉన్నారని వాడి కిందే ఇంకొకడు. విజయుడికి పెళ్లి చెయ్యమన్నారు కొందరు. చేశాక రద్దు చేసుకునే వీలు కూడా ఉండాలన్నారు మరికొందరు. రెక్కల గుర్రం కావాలట. అది నీలంగా ఉండాలట. గుళ్లో హుండీలో వేసే చీటీలూ ఇలాగే ఉంటాయేమో. నేను చూడలేదు గానీ, చదివే స్వామికి ఓపిక ఎక్కువని అందుకే అంటారేమో.

చక్రధర్ కూడా పదకొండు కోరికలు కాగితం మీద రాసిపెట్టుకున్నాడు, ఆదివారం తీరుబడిగా పంపుదామని. శనివారం మధ్యాహ్నం సువర్చల నన్ను చేతిలోకి తీసుకుంది. తెరమీది ఇంగ్లీషు అక్షరాలను ఒక్కొక్కటే నా గుబ్బతో వెతుక్కుంటూ, తెలుగు మాటలనే వాటిలో పేర్చింది. గంటన్నర పట్టింది. ఆమె రాసింది ఇది:

"అయ్యా, గుడి మెట్ల దగ్గర చెప్పులు విడిచే చోటు పెట్టండి. తిరిగొచ్చేదాకా వాటిని చూసుకునే మనిషిని కూర్చోబెట్టండి. మా మరిది కష్టపడి సంపాదించినవి నావల్ల పోయాయి. తప్పు నాదే. కానీ చెప్పులతో గుళ్లోకి ఎలా వెళ్తామండీ? మీరే చెప్పండి."

ఆదివారం చక్రధర్ కాగితం పట్టుకుని కూర్చున్నాడు. 'మీ ఉత్తరం అందింది, కృతజ్ఞతలు' అంది తెర. ఒక్కొక్కరికి ఒక్కటే కదా, అతని పేరున వెళ్లాల్సింది వెళ్లిపోయింది.

"వదినా!" ఇల్లు అదిరింది. పన్నెండు రోజుల తర్వాత ఆ ఇంట్లో వినబడిన పిలుపు అది. "పాదుకలు పోగొట్టావ్. ఇప్పుడు నా ఉత్తరం కూడా మింగేశావా?"

"నీ ఉత్తరమేంట్రా, నా ఉత్తరమే రాశా."

"నేను పదకొండు అడుగుదామనుకున్నా!"

"పదకొండడిగితే ఎవడిస్తాడ్రా? ఒక్కటడిగితే ఇచ్చేవాడికి మొహమాటం ఉంటుంది."

అతను తెర వంక తిరిగి ఆ ఉత్తరం చదివాడు. 'తప్పు నాదే' అన్న చోటు రెండోసారి చదివాడు. 'మీరే చెప్పండి' దగ్గర నవ్వాడు. ఆపుకోవాలని చూశాడు గానీ నేను అతని చేతిలోనే ఉన్నాను, నాకు తెలిసింది. "పెరుగుందా వదినా?" అన్నాడు. వంటింట్లోంచి వీరభద్రం గారు, "అమ్మయ్య, నా ఉద్యోగం పోయింది" అన్నారు.

మాటలు కలిశాయి, గది సంగతి మరుగున పడింది. పాదుకలు మాత్రం రాలేదు. కొత్త భాగం వచ్చే దసరాకు అన్నారు, దానికి తోవ మూసుకుపోయే ఉంది.

ఆ దసరాకు ఆయుధపూజనాడు కత్తిపీట, గ్రైండరు, స్కూటరు వరసలో సువర్చల నన్ను కూడా పెట్టింది. ఒక్కొక్క బటన్‌కూ పసుపు, కుంకుమ. పూలు కూడా పెట్టింది. గోడకేసి కొట్టించుకున్న నాకు అంత మర్యాద ఎప్పుడూ జరగలేదు. ఆ మర్యాదకే నా పని పూర్తయింది. కుంకుమ లోపలికి దిగి విజయుణ్ని పరుగెత్తించే బటన్ బిగుసుకుపోయింది. చక్రధర్ కొత్త కంట్రోలర్ కొనుక్కున్నాడు. నేను వదినగారి వాటాకు వచ్చాను.

"పరుగెత్తదు వదినా అది, నడుస్తుందంతే."

"గుడికి పరుగెత్తుకుంటూ వెళ్లేదేముందిరా?"

పూజ అయిన వారానికి కొత్త భాగం విడుదలైంది. అడిగినవన్నీ ఇచ్చారు. రెక్కల గుర్రం నీలంగానే ఉంది. రెండోనాటికే జనం ఆ నీలం అది కాదని రాయడం మొదలుపెట్టారు. చక్రధర్ మాత్రం లోయ ఒడ్డున నిలబడి అవతలి దీపాలు చూసి వచ్చేవాడు. వదిన కోరిక తీర్చారేమోనని గుడివైపు కూడా నాలుగుసార్లు పరుగెత్తాడు. మెట్ల పక్కన కొత్తగా ఒక రాతి అరుగు, దానిమీద ఒక ముసలమ్మ. అతను ఎంత పలకరించినా ఆవిడ తలెత్తలేదు. "ఊరికే బొమ్మ పెట్టారు వదినా" అని నిట్టూర్చాడు.

మర్నాడు మధ్యాహ్నం సువర్చల నన్ను తీసుకుంది. కాలు బాగుపడి, మెట్ట మీది అసలు గుడికి వెళ్లొస్తున్నా, ఈ గుడికి రావడం మానలేదు. పరుగు లేదు కనుక విజయుడు మెల్లగా నడిచాడు. మెట్ల దగ్గర ఆగి, ఎప్పటిలాగే చెప్పులు విప్పి అరుగు మీద పెట్టాడు. ముసలమ్మ తలెత్తింది.

"వచ్చావా నాయనా? పోయినేడు మంచి జత ఒకటి విడిచిపోయావు, తీసుకో" అని మూట విప్పింది. అందులో వాయుపాదుకలు.

కాలికి చెప్పులున్నవాడితో ఆవిడ మాట్లాడదు. పరుగెత్తుతూ బూట్లతో వచ్చిన చక్రధర్‌కి అది ఎలా తెలుస్తుంది? ఆ మెట్ల దగ్గరే వేల జతలు మాయమయ్యాయని కంపెనీవాళ్లు తర్వాత రాశారు. ఇంతమంది ఒకే చోట చెప్పులు ఎందుకు పారేస్తున్నారో వాళ్లకు అర్థం కాలేదట, ఒక ఉత్తరం వచ్చేదాకా.

చక్రధర్ లోయ దాటాడు. దాదాపు రెండేళ్లు ఎదురుచూసిన లోకాన్ని తొమ్మిది రోజుల్లో పూర్తి చేశాడు. పదోరోజున, "బావుంది గానీ చిన్నదైపోయింది వదినా, ఇంకొంచెం ఇచ్చి ఉంటే..." అన్నాడు.

ఇప్పుడు నా మకాం పూజగది అలమరలో, కర్పూరం పొట్లానికీ అగ్గిపెట్టెకూ మధ్య. మధ్యాహ్నాలు బయటికి వస్తాను. మొన్న సోమవారం సువర్చల మెట్ట మీది గుడినుంచి వట్టి కాళ్లతో ఇల్లు చేరింది. మొన్ననే కొన్న చెప్పులు, ఎవరో వేసుకుపోయారు. గడపలో కాళ్లు కడుక్కుంటుంటే చక్రధర్ నవ్వాడు.

"కంపెనీకి ఉత్తరం రాద్దామా వదినా?"

ఆమె లోపలికి వచ్చి, నా పక్కనున్న అగ్గిపెట్టె తీసి, దేవుడి పటం ముందు దీపం వెలిగించింది.

"ఈ కంపెనీకి చాలానే రాశాన్రా" అంది. "చెప్పుల దాకా ఇంకా రాలేదాయన."