కట్ అన్న తర్వాత

"ఒడిల్, ఈ ఉల్లికాడల్లో ఇసుక ఇంకా పోలేదు. సినిమా తీయబోయే చేతులైతే మాత్రం, కడగాల్సింది కడగాలిగా" అంటూ అత్తగారు గిన్నె లాక్కుంది.

ఆదివారం భోజనానికి పారిస్‌లోని ఆ ఇంట్లో చేరారందరూ. హాల్లో ఒడిల్ మొగుడు ఎతియెన్ రెండో వైన్ సీసా తెరుస్తూ అన్నదమ్ములకి కబురు చెబుతున్నాడు: ఒడిల్ రాసిన కథకి సర్కారు డబ్బు మంజూరు చేసింది, దర్శకత్వం కూడా ఆవిడే చేస్తుందట. ఆ "ఆవిడే"ని అతను సాగదీసిన తీరుకి అందరూ నవ్వారు. ఎతియెన్ పేరున్న దర్శకుడు. అతని సినిమాలన్నీ ఎడిటింగ్‌లో కూర్చి, కుదించి, బతికించింది ఒడిల్. అందుకు ఒక్క ఫ్రాంకు చూసి ఎరగదు. ఆమె రెండు నవలలు కూడా రాసింది. ఒకటి ఈ వంటింట్లోనే ఉంది, గాలికి కిటికీ రెక్క కొట్టుకోకుండా ఆనించి.

అప్పట్లో దర్శకుడనిపించుకోవాలంటే సర్కారు కార్డుండాలి. లేనివాళ్లు కార్డున్న మనిషినొకణ్ణి సలహాదారుగా పక్కన నిలబెట్టుకోవాలి. ఈ ఒక్క సినిమా తన పేరు మీద పూర్తయితే చాలు, ఒడిల్‌కీ కార్డొస్తుంది. ఆ తర్వాత జన్మలో ఎవడి నీడా అక్కర్లేదు. "పరాయివాడెందుకోయ్, నేను లేనూ?" అన్నాడు ఎతియెన్, కిడ్నీ దానం చేస్తున్నవాడిలా. అందరూ గ్లాసులెత్తారు. ఒడిల్ తడి చేతులతో వంటింట్లోంచి వచ్చి మరీ అతనికి థాంక్స్ చెప్పింది. పిచ్చిమొహంది, నిజంగానే సంతోషపడింది.

షూటింగ్ దియెప్ రేవులో. ఊరివాళ్ల బట్టలన్నీ ఉతికే ఒక చాకలామె, ఓ పొద్దున తడిబట్టలు అక్కడే వదిలేసి ఊరు దాటి వెళ్లిపోవడం కథ. మొదటి రోజు, మొదటి షాట్. ఒడిల్ "కట్" అంది. కెమెరా ఆగలేదు. కెమెరామన్ లూసియెన్ ఎతియెన్ వైపు చూశాడు. ఎతియెన్ తీరిగ్గా సిగరెట్టు పీల్చి తలూపాడు. అప్పుడు ఆగింది.

"నేను కట్ అన్నాను కదా, లూసియెన్."

"విన్నాను మేడమ్. సార్ కూడా ఓ మాటంటే ఆపేద్దామని. ఏళ్ల తరబడి అలవాటు, ఏమీ అనుకోకండి."

ఏమీ అనుకోకూడదట. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మధ్యాహ్నం అందరూ నత్తగుల్లలు తింటుంటే ఆమె మొగుడితో ఆ మాటే ఎత్తింది. "కట్ అంటే కత్తి పడ్డట్టుండాలే. నువ్వు పిల్లిని పాలకి పిలిచినట్టు పిలుస్తావు, ఎవడాగుతాడు?" అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. నవ్వులు ఆగకముందే కోటు విప్పి ఆమె ఒళ్లో పడేశాడు, బొత్తాం ఊడిందట. ఆమె కుట్టింది. దర్శకుడి కుర్చీలో కూర్చుని, తన యూనిట్ అంతా చూస్తుండగా, దారం పళ్లతో తెంపి మరీ కుట్టింది. ఎందుకు కుట్టావని ఎవరైనా అడిగితే ఏం చెప్పేదో ఆమెకే తెలియదు. చేతులకి ఆ పని వచ్చు, అంతే.

పారిస్ తిరిగొచ్చి ఎడిటింగ్ గదిలో కూర్చున్నాకే అసలు సంగతి బయటపడింది. ప్రతి షాట్ చివరా, ఆమె కట్ అన్న తర్వాత కూడా, ఫిల్ము నడుస్తూనే ఉంది. మాటలూ రికార్డయ్యాయి. ఎతియెన్ ఫ్రేములోకి వస్తాడు. హీరోయిన్ మెడ మీద చెయ్యేసి, "ఆవిడ చెప్పింది మర్చిపో తల్లీ. ఆ ఏడుపేదో నాకు చూపించు, ఆవిడకెందుకు?" అంటాడు. మరో షాట్ చివర లైట్లబ్బాయిలతో, "పాపం, కట్ అంటోందిరా. ఇంట్లోనూ ఇంతే, ఉప్పు తక్కువైందంటే రెండ్రోజులు ముక్కు చీదుతుంది" అంటాడు. వాళ్ల నవ్వులు. వీటన్నిటినీ ఒడిల్ ఎలాగో దిగమింగింది. కానీ వెనక మూలగా ఒక ఆడమనిషి తిరుగుతోంది, ఫ్లాస్కు పట్టుకుని ఒక్కొక్కరికీ కాఫీ పోస్తూ. ఎవరీ పనిమనిషి అనుకుంది ముందు. చూస్తే, కట్ అన్న వెంటనే, ప్రతిసారీ, ఆ కాఫీ పోస్తున్నది తనే. తన మీద తనకే పుట్టిన అసహ్యం ఇంకా చల్లారకముందే నిర్మాత వచ్చి అప్పటిదాకా కూర్చిన సినిమా చూశాడు.

"బ్రహ్మాండం. ఎతియెన్ చెయ్యి ప్రతి షాట్‌లోనూ తెలుస్తోంది" అన్నాడాయన. పోస్టరు మీద ఎతియెన్ పేరు చేటంత, ఆమెది చీమంత. ఆ పోస్టరు చూసి కార్డులిచ్చే ఆఫీసువాళ్లు, దర్శకుడు ఆయనేగా, మీకెలా ఇస్తాం అన్నారు. ఇంటికొచ్చి చెబితే ఎతియెన్ పేపరు మడవకుండానే, "ఎవరి పేరైతేనేం, కాపురం ఒకటేగా" అన్నాడు. "అదీ నిజమే, ముక్కు మీద గుద్దినట్టు చెప్పాడు" అని అత్తగారు వంత పాడింది.

ఒడిల్ వాళ్ల సినిమాని శుభ్రంగా కత్తిరించి వాళ్లకిచ్చేసింది. చెత్తబుట్టలో పడాల్సిన, కట్ తర్వాతి కొసముక్కల్ని బట్టల బుట్టలో వేసుకుని ఇంటికి తెచ్చి, ఒకదానికొకటి అతికింది. ముక్కలకి కార్డెవడు అడుగుతాడు? ఒక చిన్న ఊళ్లో సినిమా క్లబ్బువాళ్లు వేస్తామన్నారు. "నువ్వున్న సినిమా వేస్తున్నారు, అత్తయ్యని కూడా తీసుకురా" అంది మొగుడితో. అతను కొత్త టై కట్టుకుని, తల్లిని వెంటేసుకుని వచ్చాడు. ముందు వరుసలో, సరిగ్గా మధ్యన కూర్చోబెట్టారు.

మొదటి ముక్కకి జనం నవ్వారు. ఎతియెన్ కూడా నవ్వాడు. నాలుగో ముక్కకి జనం మాత్రమే నవ్వారు. ఆ తర్వాత వాళ్లూ మానేశారు. మూలన ఫ్లాస్కుతో తిరిగే ఆడమనిషినే చూస్తూ కూర్చున్నారు. "ఏమిట్రా ఇది, ఎప్పుడు తీశారు?" అని అత్తగారు గొణుగుతోంది. లేచి వెళ్లిపోదామంటే ఎతియెన్‌కి అటూ ఇటూ జనం మోకాళ్లు.

లైట్లు వెలిగాయి. ఆ ఊళ్లో దర్శకుల పేర్లు తెలిసినవాళ్లున్నారు గానీ, మొహాలు ఎవరికి తెలుస్తాయి? క్లబ్బు నడిపే బడిపంతులు వెనక ప్రొజెక్టరు దగ్గర, ఒడిల్ పక్కన నిలబడి మైకు పుచ్చుకుని, "మేడమ్, ఆ మగపాత్ర వేసినాయన మహానటుడండీ. అంత నీచుడి వేషం అంత సహజంగా ఎవరూ వెయ్యలేరు. ఎక్కడ దొరికాడండీ మీకు?" అని అడిగాడు.

ఒడిల్ ముందు వరుస వంక చూసింది. తర్వాత మైకు అందుకుంది.

"ఇంట్లోనే ఉన్నాడండీ" అంది. "జీతం ఇవ్వక్కర్లేదు కదా అని పెట్టేసుకున్నాను."