వంటింటి కిటికీకి తాడు

వంటింటి కిటికీని రెండు చేతులా పైకెత్తి, దాని కింద అప్పడాల కర్రను ఊతగా నిలబెడితేనే గాని సుభద్రకి తెల్లవారదు. రైల్వే వ్యాగన్ వర్క్‌షాపు మనుషులుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో వాళ్ళకిచ్చిన క్వార్టర్ తెల్లదొరల పద్ధతిలో కట్టిన పాతది. కిటికీలకు రెక్కలుండవు. అద్దాల చట్రాన్ని పైకి తోస్తే తెరుచుకుంటుంది, కిందికి లాగితే మూసుకుంటుంది. చట్రానికి రెండు పక్కలా బిగించిన తాళ్ళు పైనున్న గిలకల మీదుగా చౌకట్టు లోపలికి దిగుతాయి. వాటి చివర ఇనప దిమ్మలు కట్టి ఉంటాయి. లోపల ఎవరికీ కనపడకుండా ఆ దిమ్మలు బరువు మోస్తుంటాయి కాబట్టే చట్రం ఎక్కడ వదిలితే అక్కడ నిలుస్తుంది. వంటింటి కిటికీకి ఆ తాళ్ళు చివికిపోయి, వీళ్ళు దిగిన కొత్తలోనే తెగిపోయాయి. దిమ్మలు లోపలెక్కడో అడుగున పడున్నాయి. అప్పటినుంచి వాటి ఉద్యోగం సుభద్ర చేస్తోంది.

ఆ ఉద్యోగంలో ఒక చిక్కుంది. చపాతీలు వత్తాలంటే కర్ర కావాలి. కర్ర తీస్తే కిటికీ మూసుకుంటుంది. అంటే పొయ్యి రెండు పక్కలా భగభగమని మండుతున్నప్పుడే, రాయ్‌పూర్ మే నెల ఎండలో, ఉన్న ఒక్క గాలీ బంద్. మొగుడు సూర్యారావు వర్క్‌షాపులో ఇంజనీరు. ఎన్ని వ్యాగన్లకు కొత్త ప్రాణం పోశాడో లెక్కలేదు. ఈ తాడు సంగతి ఎత్తితే మాత్రం, కంప్లైంటు ఇస్తాన్లే, అనేవాడు. అత్తగారు రమణమ్మదింకో మాట. కిటికీ తీస్తే మంట ఆరిపోద్ది, గేసు దండగ, మా ఊళ్ళో కట్టెల పొయ్యి దగ్గర మాకేటి గాలి? ఇద్దరికీ జవాబు చెప్పడం సుభద్ర ఎప్పుడో మానేసింది. పండరీ బట్టల బజార్లో తను పనిచేసే చీరల కొట్టుకి వేళకు చేరుకోవాలంటే జవాబులు చెబుతూ కూర్చుంటే కుదరదు మరి.

ఒక ఆదివారం సాయంత్రం చపాతీలు ముగించి కిటికీ మళ్ళీ పైకెత్తింది. కర్ర గట్టు మీంచి దొర్లి కింద పడింది. రెండు చేతులూ చట్రానికే అంకితం, వంగే వీలు లేదు. "ఏమండీ, ఒక్కసారి వచ్చి ఈ కర్ర అందిస్తారా?" అని కేకేసింది. హాల్లో మ్యాచ్ చివరి ఓవర్లలో ఉంది. "పట్టుకో కాసేపు, వస్తున్నా," అన్నాడు సూర్యారావు. నిజంగానే వద్దామనుకుని ఉంటాడు, అబద్ధమాడే మనిషి కాదు. సుభద్ర పట్టుకుంది. భుజాలు లాగాయి, మోచేతులు వణికాయి. హాల్లో చప్పట్లు వినబడ్డాయి. అన్ని ఇళ్ళలోనూ ఇంతేనా, మనిషి పట్టుకుని నిలబడితే గాని ఇల్లు నిలబడదా, ఆ పట్టుకున్న మనిషి వైపు ఎవరూ తల తిప్పరా అని ఏదో ఆలోచన వచ్చింది. అది పూర్తయ్యేలోపే చట్రం జారి కుడిచేతి వేళ్ళ మీద పడింది.

ఆస్పత్రికి స్కూటర్ మీద తీసుకెళ్ళింది ఆయనే. దారంతా, చూసుకోవద్దా, చూసుకోవద్దా, అంటూనే ఉన్నాడు. కొట్లో సేఠ్ ఆమె చేతి వంక చూసి, కొనేవాళ్ళు చీర చూడాలా, నీ కట్టు చూడాలా అని హిందీలో విసుక్కుని, వెనక గోడౌన్లో మడతలు సర్దే పనికి మార్చాడు. ఒక చేత్తో చీరలు మడతపెట్టడం ఎలాగో అతను చెప్పలేదు.

సూర్యారావుకి మనసు చివుక్కుమన్నట్టుంది, ఈసారి కంప్లైంటు నిజంగానే ఇచ్చాడు. వడ్రంగి అచ్చయ్య వచ్చాడు. తాడు మాత్రం ఒక్క కిటికీకి సరిపడానే వచ్చింది. హాలు కిటికీ తాళ్ళు కూడా పీచులు లేచి, నేడో రేపో అన్నట్టున్నాయి. హాలుకే వెయ్యమన్నాడు సూర్యారావు. పై ఆదివారం పెద్దాఫీసరు ప్రేమ్‌చంద్ గారు భార్యతో టీకి వస్తున్నారు. వంటిల్లు ఎవరు చూస్తారు?

అచ్చయ్యకి సాయం పట్టేందుకు ఇంట్లో ఉన్నది సుభద్రే. చట్రాన్ని భుజానికి ఆనించుకుని, మంచి చేత్తో పట్టుకుని నిలబడింది. నిలబడ్డ మనిషికి చూడటం తప్ప వేరే పనేముంది? అన్నీ చూసింది. సాయంత్రం సూర్యారావు హాలు కిటికీని చూపుడు వేలితో పైకి తోసి, "చూశావా, ఒక్క వేలు చాలు," అని మురిసిపోయాడు. తనే మోసినంత సంబరం.

కట్టు విప్పేదాకా వంట రమణమ్మ మీద పడింది. రెండో రోజు చపాతీలు అయ్యేసరికి ఆవిడ కొంగుతో మెడ తుడుచుకుంటూ వచ్చి సుభద్ర పక్కన కూలబడింది.

"ఆ ఒంటింట్లో మనిసన్నోడు ఊపిరెలా తీత్తాడే? నువ్వెప్పుడూ సెప్పనేదేటి?"

"చెప్పాను అత్తా."

రమణమ్మ కొంగుతో మొహం మీద విసురుకుంది. "సెప్పే ఉంటావులే," అంది చివరికి. ఆ మాటకి సుభద్రకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఆమె చెప్పింది చెప్పినట్టు ఒప్పుకున్న మొదటి మనిషి.

కట్టు విప్పాక, శనివారం సూర్యారావు స్నేహితుడి గృహప్రవేశానికి అభన్‌పూర్ వెళ్ళాడు. సుభద్ర కొట్టుకి సెలవు పెట్టి, స్క్రూడ్రైవరూ సుత్తీ పట్టుకుని హాలు కిటికీ ముందు నిలబడింది. సంగతి అర్థమై, రమణమ్మ బజార్లో తాడు కొంటే పోద్ది కదా అంది. సుభద్ర అదీ ఆలోచించింది. కొనడం ఎంత పని? ఇంతకాలమూ చేసింది అదేగా, తనకి కావలసింది తన తిప్పలు తను పడి తెచ్చుకుని నోరు మూసుకోవడం. కొంటే వంటింటికి తాడొస్తుంది. హాల్లో కూర్చున్నవాళ్ళకి మాత్రం కిటికీ బరువెంతో ఎప్పటికీ తెలియదు.

"ఈ తాడు నా వేళ్ళకి వచ్చింది అత్తా. నా వేళ్ళుండే చోటే ఉండాలి."

రమణమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. కొంగు బొడ్లో దోపుకుంది. "నానేటి పట్టుకోవాలి?"

హాలు కిటికీ లోపలి చెక్క పట్టీని ఊడదీసి, చట్రం బయటికి లాగి, తాళ్ళు విప్పుకున్నారు. చట్రాన్ని మళ్ళీ దాని చోట పెట్టి పట్టీ బిగించేశారు. వంటింట్లోనూ అలాగే పట్టీ ఊడదీశాక, రమణమ్మ చట్రాన్ని పొట్టకి ఆనించుకుని పట్టుకుంది. సుభద్ర తాడు కొసకి దారం, దారం కొసకి వంకర మేకు కట్టి, గిలక మీంచి లోపలికి జారవిడిచింది. చౌకట్టు అడుగున మూత తీసి మేకును అందుకుంది. దారం వెంట తాడు దిగింది. అడుగున పడున్న దిమ్మను బయటికి తీసి, మసి తుడిచి తాడుకి కట్టింది. తాడు రెండో కొసని చట్రం పక్కకి ఆనించి మేకు కొట్టింది. "తొరగా కానీవే, రెక్కలు పోతన్నాయి," అని రమణమ్మ గొణుగుతూనే ఉంది గాని, వదలలేదు. రెండో పక్కా అయ్యాక చట్రాన్ని దాని చోట పెట్టి, పట్టీ బిగించి, సుభద్ర వేలితో తోసింది. చట్రం చప్పుడు లేకుండా పైకి వెళ్ళి ఆగింది. వేపచెట్టు మీంచి వచ్చిన గాలి ఇద్దరి మొహాలకీ తగిలింది. పొయ్యి వెలిగిస్తే మంట ఊగింది గాని ఆరలేదు. రమణమ్మ అది చూసింది.

ఆదివారం ప్రేమ్‌చంద్ గారూ, ఆయన భార్యా వచ్చారు. సుభద్ర టీలు, పకోడీలు అందించి వంటింట్లోకి వచ్చేసింది. హాల్లో సూర్యారావు పాత రోజుల పనితనం గురించి హిందీలో చెప్పుకొస్తున్నాడు. చూడండి సార్, ఇంత పెద్ద కిటికీ, ఒక్క వేలు చాలు, అన్నాడు. ఆ వేలికి అది కదల్లేదు కాబోలు. రెండు చేతులూ వేసుంటాడు, మూలుగు వినిపించింది. అద్దాలు గలగలమన్నాయి.

"సుభద్రా!" గొంతులో కంగారు. "ఇది నిలవట్లేదు. వదిలితే పడేటట్టుంది. అమ్మా, నువ్వైనా లే, కాస్త ఏదైనా అందించు."

"పెద్దదాన్ని, నానేటి అందిత్తాను నాయినా," అంది రమణమ్మ. ఆవిడ పకోడీ నములుతున్న చప్పుడు వంటింటిదాకా వినబడింది.

అప్పడాల కర్ర గట్టు మీదే ఉంది. సుభద్ర దానివైపు చూసింది. కోపమేమీ రాలేదు. చాలాకాలం తర్వాత చేతులు ఖాళీగా ఉన్నాయి, అంతే. తన టీ గ్లాసు అందుకుని, కిటికీ పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"పట్టుకోండి కాసేపు," అంది, హాల్లోకి వినబడేటట్టు. "వస్తున్నా."