మూడున్నర అంగుళాల దూలం

నేను ఒక దూలాన్ని. దూలమనగానే మీరు తలెత్తి ఇంటి పైకప్పు వైపు చూడకండి. నేను ఎవరి ఇంటినీ మోయలేదు. జిమ్నాస్టిక్స్‌లో ఆడపిల్లలు ఎక్కి నడిచే, గెంతే, పల్టీలు కొట్టే దూలాన్ని. పదహారడుగుల పొడవు, నేల నుంచి నాలుగడుగుల ఎత్తు. వెడల్పు సంగతి కాసేపాగి చెబుతాను. నా పరువూ, నా అవమానమూ రెండూ అందులోనే ఉన్నాయి.

విజయనగరంలోని ఒక వ్యాయామశాలలో గవరయ్య మాస్టారు పిల్లలకు జిమ్నాస్టిక్స్ నేర్పేవారు. సరైన దూలం కావాలని క్రీడల ఆఫీసుకు అర్జీ పెట్టారు. ఆఫీసువారు ఆ అర్జీని చాలా శ్రద్ధగా పరిశీలించారు. పరిశీలన పూర్తయ్యేలోగా మాస్టారి మొదటి శిష్యురాళ్లకు పెళ్లిళ్లయి పిల్లలు కూడా పుట్టారు. విసిగిపోయి ఆయన కలప అడితికి వెళ్లి ఒక టేకు దుంగను కొన్నారు. సింహాద్రి అనే వడ్రంగిని పిలిచి నాలుగంగుళాల వెడల్పు ఉండాలన్నారు. అలా పుట్టాను నేను.

జూట్ మిల్లులో పనిచేసే అచ్చియ్యమ్మ గోనెసంచుల్లో కొబ్బరిపీచు కూరి, కుట్టి, నా కింద పరిచింది. పడినప్పుడు దెబ్బ తగలకుండా. పడేది ఆవిడ కూతురే మరి. పైడికుమారికి అప్పుడు ఎనిమిదేళ్లు. మొదటి ఏడాది అది నా మీద నిలబడిందానికంటే ఆ గోనెల మీద పడుకున్నదే ఎక్కువ. పడ్డ ప్రతిసారీ లేచి నన్ను ఒక తన్ను తన్నేది. నాకేమీ కోపం రాలేదు. అంత కచ్చితంగా నన్ను పట్టించుకున్న మనిషి అంతకుముందు లేదు.

పద్నాలుగో ఏట జాతీయ పోటీలకు వెళ్లి బంగారు పతకంతో తిరిగొచ్చింది. వస్తూనే నవ్వు ఆపుకోలేకపోయింది.

"మాస్టారూ, అక్కడి దూలం దూలం కాదండీ, రోడ్డు! దానిమీద బండెట్టుకుని ఎల్లిపోవచ్చు!"

మాస్టారికి అనుమానం వచ్చి టేపు తెచ్చి నన్ను కొలిచారు. మూడున్నర అంగుళాలున్నాను. సింహాద్రిని పిలిపించారు.

"నాలుగంగుళాలంటే రంపం కోతకి నాలుగు బాబూ," అన్నాడతను ఏమాత్రం తొణక్కుండా. "చిత్రిక పట్టాక నునుపుకి కొంత పోదేటి? మీ ఇంటి గుమ్మాలూ అంతే, తలుపులూ అంతే. ఇన్నాళ్లూ ఎవులూ అడగనేదు."

మాస్టారు తల పట్టుకున్నారు. మరో దూలం చేయిద్దామన్నారు. పైడికుమారి ఒప్పుకోలేదు.

"ఒద్దు మాస్టారూ. దీనిమీద నిలబడితే నాను ఎక్కడైనా నిలబడిపోతాను."

ఆ మాటకు నాకు గర్వంతో పగుళ్లొస్తాయేమో అనిపించింది.

పంతొమ్మిదో ఏట ఆమె ఒలింపిక్స్‌కు అర్హత సాధించింది. దాంతో మా కష్టాలు మొదలయ్యాయి. పదకొండేళ్లుగా మా వ్యాయామశాల ఏ వీధిలో ఉందో తెలియని క్రీడాధికారి చక్రపాణిగారు దండలతో సహా దిగారు. నన్ను చూశారు, కొలిపించారు, 'ప్రమాణాలకు విరుద్ధం' అని రాయించారు. వారంలో విదేశం నుంచి కొత్త దూలం వచ్చింది. తెల్లగా, మెత్తగా, ప్లాస్టిక్ కాగితంలో చుట్టుకుని పెళ్లికూతురిలా కూర్చుంది. మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరించేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదట. మంత్రిగారు రావాలంటే ముహూర్తం ఉండాలి. ముహూర్తం చూడబోతే మూఢం నడుస్తోంది.

పోటీలకు ఇక నలభై రోజులే ఉన్నాయి. మాస్టారు ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగారు.

"మూఢంలో కొత్త వస్తువు ప్రారంభించమంటారేంటండీ? రేపు పిల్లకేమన్నా అయితే ఎవరిది పూచీ?" అన్నారు చక్రపాణిగారు. "పదకొండేళ్లు చేసింది. నలభై రోజుల్లో మర్చిపోతుందా?"

పోనీ నేనైనా ఉన్నానా? ప్రమాణాలకు విరుద్ధమైన వస్తువు వ్యాయామశాలలో ఉంటే చక్రపాణిగారి ఉద్యోగానికే ముప్పు. అందుకని నా కాళ్లు మోకాళ్లదాకా కోయించి ఆఫీసు వరండాలో బెంచీగా వేయించారు. అర్జీదార్లు నా మీద కూర్చుని కునికిపాట్లు పడేవారు. పైడికుమారి రోజూ ఆఫీసు తెరవకముందే వచ్చి నా మీద నడిచేది, తిరిగేది, గెంతేది. అన్నీ కుదిరేవి, ఒక్కటి తప్ప. చివర్లో దూలం మీంచి రెండు పల్టీలు కొట్టి దిగాలి. అడుగున్నర ఎత్తు బెంచీ మీంచి రెండు పల్టీలు ఎవరికి సాధ్యం? ఒకరోజు ప్రయత్నించి మోకాళ్ల మీద పడింది. లేచి నా మీదే కూర్చుని ఏడ్చింది. నన్ను తన్నలేదు. తన్నినా బాగుండేది.

పోటీ రోజున వరండాలో టీవీ పెట్టారు. ఏడుగురు నా మీద కూర్చున్నారు. చోటు చాలక అచ్చియ్యమ్మ నిలబడింది. పైడికుమారి దూలమెక్కింది. ఒక్క వణుకు లేదు. పెద్ద పెద్ద దేశాల పిల్లలు తడబడినచోట మా పిల్ల ఇంట్లో తిరిగినట్టు తిరిగింది. చివరికి గాల్లోకి లేచింది. రెండో పల్టీ పూర్తికాకుండానే నేల వచ్చేసింది. చేతులు ఆనించి పడిపోయింది. రెండు స్థానాల తేడాతో ఫైనల్ తప్పిపోయింది.

చక్రపాణిగారు నిట్టూర్చారు. "ప్రాక్టీసు చాల్లేదు."

"అవును బాబూ," అంది అచ్చియ్యమ్మ. "మూఢం కదా."

తర్వాత సన్మానాలకు మాత్రం మంచి ముహూర్తాలు వరసగా దొరికాయి. కొత్త దూలానికి రిబ్బను కత్తిరించి, పాడైపోతుందని గదిలో పెట్టి తాళం వేశారు. పైడికుమారికి ఆ ఆఫీసులోనే గుమాస్తా ఉద్యోగమిచ్చారు. ఒలింపిక్స్‌లో పడ్డప్పుడు తగిలిన చీలమండ దెబ్బతో ఆట మానేసింది. ఇప్పుడు అర్జీల మీద ముద్రలు వేస్తుంది. రోజూ నా పక్కనుంచే లోపలికి వెళ్తుంది గానీ నా వైపు చూడదు.

మొన్న ఒకావిడ ఏడేళ్ల కూతురితో వచ్చింది. పిల్లకు జిమ్నాస్టిక్స్ నేర్పించాలట. రెండు రోజులు నా మీద కూర్చుంది. మూడో రోజు పైడికుమారి ముద్ర పక్కన పడేసి బయటికొచ్చింది.

"లెగమ్మా," అంది ఆవిడతో. పిల్ల నడుం పట్టి ఎత్తి నా చివర నిలబెట్టింది. "కిందకి సూడకు. నడువు."

లోపలినుంచి చక్రపాణిగారు అరిచారు. "బెంచీలెక్కి ఆ తొక్కుడేంటి? కూర్చోడానికి కదా వేయించింది!"

"కూర్చోడానికి ఇంకోటి ఏయించుకోండి సార్," అంది పైడికుమారి, పిల్ల పాదాల మీంచి చూపు తిప్పకుండా. "దీంతో మాకు పనుంది."