ఉతికిన శాంపిల్

నేను ఒక చొక్కాను. నీలం గళ్ళదాన్ని, ముప్పై రెండు సైజు, పొట్టి చేతులు. తొడుక్కోవడానికి కాదు, చూపించడానికి పుట్టాను. ఆడపిల్లల హాస్టళ్ళకు యూనిఫారాలు కొనేటప్పుడు ప్రభుత్వం, కుట్టిస్తామని ముందుకొచ్చిన ప్రతివాళ్ళనూ ఒక శాంపిల్ తెమ్మంటుంది. ఆ శాంపిళ్ళలో నేనొకదాన్ని. పెళ్ళిచూపుల్లో కూర్చున్నవాళ్ళకు నా బాధ కొంత తెలుస్తుంది.

నన్ను కుట్టింది దస్తగిరమ్మ. సీమలో ఒక చిన్న పట్నం, అక్కడ దూదేకుల వీధి, ఆ వీధి చివర రేకుల షెడ్డు. అందులో తొమ్మిది మిషన్లు, వాటి ముందు తొమ్మిది మంది ఆడవాళ్ళు. పదకొండేళ్ళుగా వీళ్ళంతా ఓబులేసు అనే వ్యాపారికి కూలికి కుడుతున్నారు. టెండరు ఆయనది, పేరు ఆయనది, నడుము నొప్పి మాత్రం వీళ్ళది.

ఆ ఏడాది టెండరు ప్రకటనలో ఒక కొత్త వాక్యం చేరింది. మహిళలూ, మైనారిటీలూ నడిపే చిన్న యూనిట్లకు మాత్రమే అని. దస్తగిరమ్మ వదిన లాల్‌బీ ఆ పేపరు ముక్క పట్టుకుని షెడ్డులోకి వచ్చింది.

"దస్తగిరీ, ఇది మన షెడ్డును చూసి రాసినట్టే ఉండాది" అంది.

అదే ప్రకటన ఓబులేసు కూడా చదివాడు. వారం తిరక్కుండా భార్య సుభాషిణి పేరు మీద ఒక కంపెనీ వెలిసింది. ఆమెతో నాలుగు చోట్ల సంతకాలు పెట్టించాడు. కంపెనీ ఏం కుడుతుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత షెడ్డు దగ్గరికొచ్చి దస్తగిరమ్మతో మర్యాదగానే మాట్లాడాడు.

"టెండర్లు మీకు అచ్చిరావు. ఎప్పట్లాగా కుట్టి పెట్టండి, నేను చూసుకుంటా. కాదని పోటీకొస్తే మాత్రం, రేపట్నుంచి నా గుడ్డ ఈ షెడ్డు గడప తొక్కదు."

ఆయన గుడ్డ రాకపోతే తొమ్మిది ఇళ్ళలో పొయ్యి వెలగదు. దస్తగిరమ్మ రెండు రోజులు ఓబులేసు గుడ్డే కుట్టింది. మూడో రోజు వెళ్ళి షెడ్డును చిన్న పరిశ్రమగా నమోదు చేయించింది. దాంతో టెండరుకు డిపాజిట్ కట్టే బాధ తప్పింది. టెండరు షరతులు ఇరవై మూడు పేజీలు. పదో తరగతి చదువుతో, వేలు పెట్టి, ఆరు రోజుల్లో అన్నీ చదివింది. అవి చదవక్కర్లేదని ఆమెకు చెప్పేవాళ్ళెవరూ లేకపోయారు మరి.

అప్పుడు నన్ను కుట్టింది. కుడుతూ ఒక పొరపాటు చేసింది, అది పొరపాటని ఆమెకు తోచనే లేదు. దూదేకుల వీధిలో సొంతానికి కుట్టుకునేటప్పుడు తడపని గుడ్డకు ఎవరూ కత్తెర పెట్టరు. నానబెట్టి, నీడన ఆరేసి, గుడ్డ ముడుచుకోవలసినంత ముడుచుకున్నాకే కొలత పెడతారు. ఓబులేసు పనికి అంత తీరిక దొరికేది కాదు. నా విషయంలో ఆమె తీరిగ్గా, తన ఇంటి పిల్లకు కుట్టినట్టే కుట్టింది. ఆ తడుపులో మిల్లు వాళ్ళు నాకు పెట్టిన గంజీ మెరుపూ కాస్తా వదిలిపోయాయి.

టెండరు రోజున హాస్టళ్ళ కార్యాలయంలో బల్ల మీద ఐదు చొక్కాలం. మిగతా నలుగురూ పెట్టెలోంచి అప్పుడే తీసినట్టు పెళపెళలాడుతున్నారు. నేను వాళ్ళ పక్కన చాకలి మూటలోంచి జారిపడ్డట్టున్నాను. నిజం చెప్పొద్దూ, సిగ్గేసింది.

ఓబులేసు నన్ను చూసి నవ్వాడు. "ఏందమ్మా దస్తగిరమ్మా, ఇంట్లో తొడిగిన చొక్కా ఇస్త్రీ చేసి తెచ్చినావా?"

కొనుగోళ్ళ అధికారిణి సరోజిని గారు నా చెయ్యి పట్టి నలిపి చూశారు. "వాడిన బట్టలా ఉందమ్మా. శాంపిల్ కొత్తది తేవాలి కదా" అని గుమాస్తా వైపు తిరిగి, "దీన్ని పక్కన పెట్టండి" అన్నారు.

గుమాస్తా నన్ను బల్ల చివరికి తోశాడు. పదకొండేళ్ళ పని, తొమ్మిది ఇళ్ళ తిండి నాతోపాటే ఆ చివరికి వచ్చాయి. వెనకనుంచి లాల్‌బీ కొంగు లాగి "పోదాం పా" అని గొణిగింది. దస్తగిరమ్మ కదల్లేదు. నన్ను తీసి మళ్ళీ మధ్యలో పెట్టింది.

"కొత్త గుడ్డే మేడం. తడిపి ఆరేసి కుట్టినా, అందుకే మెరుపు ల్యాదు. పదిహేడో షరతు సూడండి. ఉతికినాంక అర అంగుళానికి మించి ముడుసుకోగూడదని మీరే రాసినారు. అన్నింటినీ ఉతికి సూడండి."

"అది ఊరికే రాస్తారు మేడం" అన్నాడు ఓబులేసు ధీమాగా. "ఇన్నేండ్లుగా ఇస్తాండా, ఎవరూ ఎప్పుడూ ఉతికింది ల్యా."

సరోజిని గారు కళ్ళజోడు తీసి ఆయన వైపు తిరిగారు. "ఎప్పుడూ ఉతకలేదా? అయితే ఇవాళ ఉతుకుదాం."

కార్యాలయం వెనక కొళాయి కింద ఐదుగురికీ ఒకే బకెట్టులో, నీళ్ళు మార్చి మార్చి, స్నానమైంది. గోడ మీద ఎండలో ఆరేశారు. సీమ ఎండకు రెండు గంటలు చాలు. తర్వాత గుమాస్తా టేపు తీశాడు. ఓబులేసు చొక్కా పొడవు ఒకటిన్నర అంగుళం తగ్గింది, కాలరు వంకర్లు పోయింది. ఇంకో రెండింటి చేతులు భుజాల మీదికి ఎక్కాయి. నాలుగోదాని రంగు సగం బకెట్టులోనే ఉంది. నన్ను రెండుసార్లు కొలిచారు. రెండుసార్లూ నూలుపోగంత తేడా లేదు. గర్వంగా ఉందని చెప్పుకోవడానికి నేను మొహమాటపడను.

ఆ గదిలో సుభాషిణి అంతదాకా భర్త పక్కన బొమ్మలా కూర్చుని ఉంది. ఇప్పుడు లేచి వచ్చి నా అంచు తడిమి, "శానా బాగా కుట్టినావక్కా" అంది దస్తగిరమ్మతో. ఆ కంపెనీ యజమానురాలు ఆ రోజంతా మాట్లాడిన మాట అదొక్కటే. ఓబులేసు అప్పటికే బయటికెళ్ళి బండి స్టార్ట్ చేస్తున్నాడు.

ధరల కవర్లు తెరిచినప్పుడు పరీక్షలో నిలబడ్డది దస్తగిరమ్మ ఒక్కతే. ధర కూడా కార్యాలయం వాళ్ళు అనుకున్నదానికి లోబడే ఉంది. నా మెడకు చీటీ కట్టి లక్క ముద్ర వేశారు. చీటీ మీద సంస్థ యజమాని అన్నచోట దస్తగిరమ్మ తన పూర్తి పేరు రాసింది, ఒక్కొక్క అక్షరమూ నింపాదిగా. లాల్‌బీ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, ఆ చీటీని చదివిందే చదివింది.

ఇప్పుడు నా నివాసం ఆ కార్యాలయంలోని అద్దాల బీరువా. షెడ్డులో మిషన్లు ఇరవై ఆరయ్యాయట. సరుకు వచ్చినప్పుడల్లా నన్ను బయటికి తీసి, దాని పక్కన పరిచి కొలుస్తారు. మళ్ళీ తాళం వేస్తారు. నన్ను ఇంతవరకూ ఏ పిల్లా తొడుక్కోలేదు, ఇక తొడుక్కోదు కూడా. ఆ లోటు నాకు లేకపోలేదు. కానీ నన్ను చూసి కుట్టిన చొక్కాలు ఈ ఏడాది నాలుగు వేల రెండు వందల మంది ఆడపిల్లలు వేసుకున్నారు. ఎన్ని ఉతుకులు ఉతికినా ఒక్కదానికీ చెయ్యి పొట్టి కాలేదు.