సున్నాకి తిప్పినా ఆగని డ్రమ్ము

మా అక్క కుడిచేతి రెండు వేళ్లు నలిగిపోయిన పదో రోజున, తప్పంతా ఆమెదేనని కాగితం రాసి సంతకం పెట్టమన్నారు. 'నాబ్ సున్నాకి తిప్పకుండా, తిరుగుతున్న డ్రమ్ములో చెయ్యి పెట్టాను' అని ఆమే ఒప్పుకున్నట్టు రాశారు. పెడితే ఉద్యోగం పోతుంది. పెట్టకపోతే అబద్ధాలకోరని ముద్రేసి తీసేస్తారు. చదవగానే నాకు ఒళ్లు మండిపోయింది.

అక్క పదకొండేళ్లుగా ఆ ఫ్యాక్టరీలో రాగితీగని డ్రమ్ముకి చుట్టే మిషను నడుపుతోంది. ఆ రోజు తీగ ఒకదాని మీదొకటి ఎక్కుతుంటే, వేగం తగ్గించే నాబ్ చటుక్కున సున్నాకి తిప్పేసిందట. డ్రమ్ము నెమ్మదించింది. ఇక ఆగినట్టేననుకుని తీగ సర్దబోయింది. ఆగలేదు.

ఆ మాట ఎవరూ చెవిన పెట్టలేదు. కరెంటు ప్యానెళ్లు బాగుచేసి బతికేవాణ్ణి, నేనైనా వినాలి కదా. "కంగారులో తిప్పాననుకుని ఉంటావులే అక్కా" అని తీర్పు చెప్పేశాను.

కాగితం చూశాక మాత్రం ఆగలేకపోయాను. అక్కని వెంటబెట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్లాను. మేనేజరు మాటల్లో తేనె కారుతోంది. "నీ కళ్లముందే చూపిస్తా బాబూ" అంటూ మిషను వేసి, రెండు వేళ్లతో నాబ్‌ని పాలకింద మంట తగ్గించినట్టు మెల్లగా తిప్పాడు. డ్రమ్ము ఆగింది. "ఇంతకంటే ఏం కావాలి?" అన్నాడు. వెనకాల ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియను నేల చూపులు చూస్తున్నాడు.

"ప్యానెల్ తెరవండి" అన్నాను.

లోపల చెప్పినప్పుడే తెరుచుకునే థైరిస్టర్లు రెండు, కరెంటుని ఒకేవైపు పోనిచ్చే డయోడ్లు రెండు ఉన్నాయి. పక్కన ఇంకో డయోడు ఉండాల్సిన చోట ఖాళీ బోల్టులు కనిపించాయి.

"ఇక్కడిదేది?"

ఎలక్ట్రీషియను నీళ్లు నమిలాడు. "అది కాలిపోయిందండీ. తీసేస్తే మిషను నడిచింది. సార్‌కి చెప్పాను కూడా."

"నడుస్తోందిగా మరి" అన్నాడు మేనేజరు.

"నడవడం కాదు సార్ ఇక్కడ గోల, ఆగకపోవడం."

నా గొంతు లేచింది. తగ్గించాలని కూడా అనిపించలేదు. "మోటారు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. డ్రమ్ముని దానికి పట్టి ఉంచేది ఈ మాగ్నెట్ క్లచ్చి. దీని కాయిల్‌కి డీసీ కావాలి. గోడలోంచి వచ్చేది ఏసీ, అది ముందుకీ వెనక్కీ అలలా కొట్టుకుంటుంది. ఒక్కో అల వచ్చినప్పుడు ఒక్కో థైరిస్టరు తెరుచుకుని కరెంటుని ఒకేవైపు తోస్తుంది. అలలో తొందరగా తెరిస్తే డీసీ ఎక్కువ, ఆలస్యంగా తెరిస్తే తక్కువ. మీ నాబ్ చేసేది ఆ ఆలస్యమే. తెరవమని చెప్పడం వరకే దాని పని. మూయడం దాని చేతిలో లేదు. తనలో పారే కరెంటు సున్నాకి పడితేనే థైరిస్టరు మూసుకుంటుంది."

"పడుతుంది కదా?" అన్నాడు మేనేజరు.

"కాయిల్ పడనివ్వదు. సరఫరా తగ్గినా కరెంటుని కాసేపు తోస్తూనే ఉంటుంది. ఆ కరెంటు పక్కదారిన తిరగడానికే ఈ ఖాళీ చోట ఐదోది, ఆ కాలిపోయిన డయోడు, పెడతారు. మీరు దాన్ని పీకేశారు. ఇప్పుడదంతా తెరిచి ఉన్న థైరిస్టర్లోంచే పోతుంది. అది మూసుకునేలోపు మళ్లీ అల వచ్చి పడుతుంది. అలా ఒక్కటి మూసుకోకుండా ఉండిపోతే, నాబ్ సున్నా మీదున్నా క్లచ్చి వదలదు."

"మరి నేను తిప్పితే ఆగింది!"

"మీరు ముద్దుగా తిప్పారు. కాయిల్ ఖాళీ అవడానికి టైమిచ్చారు. పనిలో ఉన్న మనిషి అంత తీరిగ్గా తిప్పుతుందా?"

నాబ్ పెంచి డ్రమ్ముని మళ్లీ తిరగనిచ్చాను. "అక్కా, ఆ రోజు తిప్పినట్టే తిప్పు."

ఆమె ఎడంచేత్తో చటుక్కున తిప్పింది. గుర్తు సున్నా మీదికొచ్చింది. డ్రమ్ము నెమ్మదించి, అలాగే తిరుగుతూ ఉండిపోయింది.

"సున్నా మీదే ఉంది కదా సార్, చెయ్యి పెట్టండి" అన్నాను.

మేనేజరు రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. ఎలక్ట్రీషియను పరుగున వెళ్లి మెయిను ఆపేశాడు. మేనేజరు నా చేతిలోని ఆ కాగితాన్ని తీసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "డయోడు వేయించేస్తాం. చెయ్యి మానగానే పనిలోకి రామ్మా" అన్నాడు. ఒక్క క్షమాపణ లేదు. కొత్తది బిగించేదాకా మిషను ముట్టుకోవద్దని ఫ్యూజులు పీకి ఎలక్ట్రీషియను చేతిలో పెట్టి బయటపడ్డాను.

బస్‌స్టాపులో కూడా నా నోరు ఆగలేదు. మేనేజర్ని, ఎలక్ట్రీషియన్ని, వాళ్ల ఏడు తరాలనీ కడిగేస్తున్నాను. అక్క కట్టుకట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని వింటోంది.

"వాళ్లంటే పరాయివాళ్లురా" అంది చివరికి. "నేను చెప్తే నువ్వూ నమ్మలేదు. ఆ డబ్బా తెరిచి చూసుకుంటే గానీ నమ్మలేదు."

బస్సొచ్చింది. అక్క ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీటు ఖాళీగానే ఉంది. కూర్చోమనలేదు.